పాస్‌వర్డ్ లాగిన్ మూయడం ఇంత గోలా?

ఉబుంటు (ఒక లినక్స్ రకం) సర్వర్లన్నిటిలో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి కీలకు (పాస్‌వర్డ్ బదులు వాడే ఫైళ్ల జతకు) మార్చే పని నిన్నటితో అయిపోయింది. కీ తయారీ సులువే: ఈడీ25519 అనే రకం, దానికి తాళంగా ఓ పాస్‌ఫ్రేజ్. జతలో బయటికి ఇచ్చే పబ్లిక్ కీని సర్వర్‌కి ఎక్కించడం ఒక్క కమాండ్ పని.

తిప్పలన్నీ ఆ తర్వాతే. సర్వర్‌లో లాగిన్లు తీసుకునే ప్రోగ్రాం ఎస్ఎస్‌హెచ్‌డీ. దాని కాన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైల్లో) పాస్‌వర్డ్ అథెంటికేషన్‌కు ‘నో’ రాసి రీలోడ్ చేసినా, సర్వర్ మళ్లీ పాస్‌వర్డే అడుగుతోంది. క్లౌడ్ కంపెనీ సపోర్టు వాళ్లది ఒకటే పాట: ‘రీబూట్ చేసి చూడండి సార్’. రీబూట్‌తో పోయే జబ్బా అది? కాన్ఫిగ్ ఫైలు మొదట్లోనే ఇన్‌క్లూడ్ లైను ఉంటుంది. పక్క ఫోల్డర్‌లోని చిన్న ఫైళ్లను అదే ముందుగా చదివిస్తుంది. అక్కడ క్లౌడ్-ఇనిట్ (క్లౌడ్ సర్వర్‌ను మొదటిసారి సిద్ధం చేసే ప్రోగ్రాం) పెట్టిన, 50తో మొదలయ్యే ఫైల్లో ‘యెస్’ అని ఉంది. ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో (ఉబుంటు వాడే ఎస్ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేర్‌లో) చివర రాసింది కాదు, మొదట కనబడిందే చెల్లుతుంది. పేరు వరసలో దానికంటే ముందొచ్చేలా, 00తో మొదలయ్యే కొత్త ఫైల్లో ‘నో’ రాశాక దారికొచ్చింది. కీబోర్డ్-ఇంటరాక్టివ్ (ప్రశ్న అడిగి జవాబు టైప్ చేయించే లాగిన్) అనే సెట్టింగ్‌కి కూడా ‘నో’ పెట్టాలి, లేదంటే పామ్ (లినక్స్‌లో లాగిన్ తనిఖీ చేసే భాగం) ద్వారా పాస్‌వర్డ్ దొడ్డిదారిన దూరుతుంది.

ఫైల్లో ఏముందో చూసి నమ్మొద్దు. ఎస్ఎస్‌హెచ్‌డీకి పెద్ద ‘టీ’ ఆప్షన్ ఇస్తే అసలు అమల్లో ఉన్న విలువలు చూపిస్తుంది. రీలోడ్‌కి ముందు చిన్న ‘టీ’తో తప్పులు చూసుకోండి. పాత సెషన్ మాత్రం మూయకండి, రెండో టెర్మినల్ నుంచి లాగిన్ అయ్యాకే దాన్ని వదలాలి.

ఒక సర్వర్ కీని ఒప్పుకోలేదు. మన వైపు ‘పర్మిషన్ డినైడ్’ తప్ప ముక్క రాదు. కారణం సర్వర్‌లోని ఆథ్ లాగ్‌లో (లాగిన్ల చిట్టాలో) దొరికింది: హోమ్ ఫోల్డర్‌కి 775 పర్మిషన్ (గ్రూపు వాళ్లూ రాయొచ్చని) ఇచ్చారెవరో. గ్రూపు వాళ్లు రాయగలిగితే ఎస్ఎస్‌హెచ్ ఆ కీని పట్టించుకోదు. హోమ్‌కి 755 (రాసేది యజమాని ఒక్కడే), కీలుండే డాట్-ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, ఒప్పుకునే కీల జాబితా అయిన ఆథరైజ్డ్ కీస్ ఫైలుకి 600 ఇస్తే సరి.

కీ వచ్చిందని గుండెల మీద చెయ్యేసుకుని పడుకోలేం. పాస్‌ఫ్రేజ్ ఉందో లేదో సర్వర్‌కి తెలిసే దారి లేదు. పాస్‌ఫ్రేజ్ లేని బోడి కీ ఉన్న లాప్‌టాప్ పోతే, పాస్‌వర్డ్ కంటే అధ్వాన్నం. ఎవరికీ ఇవ్వకూడని ప్రైవేట్ కీని వాట్సాప్‌లో పంపే మహానుభావులకు ఏం చెప్పినా దండగే. మధ్య సర్వర్ మీదుగా వెళ్లేవాళ్లు ఏజెంట్ ఫార్వర్డింగ్ (మన కీలను పట్టుకుని ఉండే ప్రోగ్రాం ఏజెంట్‌ను ఆ సర్వర్‌కీ అందించడం) మానేసి ప్రాక్సీజంప్ (ఆ సర్వర్‌ను దారిగా మాత్రమే వాడే ఆప్షన్) వాడండి. ఫార్వర్డ్ చేసినంతసేపూ ఆ సర్వర్‌లో రూట్ (సర్వాధికారం) ఉన్నవాడు మీ ఏజెంట్‌తో మీ పేరున ఎక్కడికైనా లాగిన్ కాగలడు.

టెల్నెట్ (గుట్టులేని పాతకాలపు లాగిన్ పద్ధతి) తప్ప ఏదీ రాని పాత నెట్‌వర్క్ స్విచ్‌లు ఇంకా మిగిలున్నాయి. టెల్నెట్ వాడే 23వ పోర్టులో పాస్‌వర్డ్ బట్టబయలుగానే పోతుంది కాబట్టి వాటిని వేరే వీలాన్‌లో (విడదీసిన నెట్‌వర్క్ భాగంలో) పెట్టి, ఒక్క జంప్ సర్వర్‌కే (మధ్య సర్వర్‌కే) దారి వదిలాను. కొత్తవి కొనమని పెట్టిన ఫైలు అకౌంట్స్‌లో నిద్రపోతోంది.