రోగినై యుంటిని: ఉమ్‌తాలి మేత్రాణుల నేరం

"దిగంబరినై యుంటిని, నాకు బట్టలిచ్చితిరి, రోగినై యుంటిని, నన్ను చూడవచ్చితిరి, చెరసాలలో ఉంటిని, నాయొద్దకు వచ్చితిరి." మత్తయి సువార్త 25వ అధ్యాయం 36వ వచనం. తపస్సు కాలం (ఈస్టరుకు ముందటి ఉపవాస దినాలు) మొదటి వారం సోమవారం ఏటా దివ్యబలిపూజలో ఇది ఉన్న భాగాన్నే వింటాం. మూడేళ్ళకోసారి క్రీస్తురాజు పండుగనాడు కూడా ఇదే సువార్త. ఎంత విన్నా ఒక సంగతి చెవిన పడదు. రోగికీ ఖైదీకీ మధ్య ఈ వచనంలో ఉన్నది ఒక్క కామా. 1976లో రొడీషియాలో, అంటే ఇవాళ్టి జింబాబ్వేలో, ఒక కతోలిక మేత్రాణులను (బిషప్పును) మొదటి మాటే రెండోదాకా తీసుకుపోయింది.

ఆయన పేరు డోనల్ లామొంట్. 1911లో ఉత్తర ఐర్లండ్‌లోని బాలీకాసిల్‌లో పుట్టారు. కార్మెల్ సన్యాస సభ గురువుగా (ఫాదర్‌గా) 1946లో రొడీషియా వచ్చి, 1957లో ఉమ్‌తాలి మేత్రాసనానికి మొదటి మేత్రాణులయ్యారు. మొజాంబిక్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఆ ఊరే తర్వాత ముతారే అయింది.

1959లో ఆయన తన విశ్వాసులకు రాసిన లేఖకు 'కొనబడిన ప్రజలు' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. అది పేతురు మొదటి లేఖ 2:9 లోని మాట. మన తెలుగు బైబిలులో అది 'దేవుని సొత్తయిన ప్రజలు'. పాత ఇంగ్లిషు కతోలిక అనువాదం లాటిన్ వెంట నడిచి 'కొనబడిన' అంది. రెండూ ఒకే గ్రీకు మాటకు వచ్చినవే: తాను సంపాదించి సొంతం చేసుకున్నది. ఆ దేశంలో ఈ మాటకు పదునెక్కువ. 1930 నాటి చట్టం నేలను తెల్లవారిదనీ నల్లవారిదనీ గీత గీసి పంచింది. 1969 చట్టం ఆ గీతను ఇంకా గట్టి చేసింది. సుమారు రెండున్నర లక్షల తెల్లవారికి నాలుగున్నర కోట్ల ఎకరాలు, యాభై లక్షల దాకా ఉన్న ఆఫ్రికావారికి కూడా ఇంచుమించు అంతే. అలాంటిచోట 'మీరు ఇప్పటికే ఒకరి సొత్తు, వెల కట్టేశారు' అని గుడిలో చదివి వినిపిస్తే అది ఉత్త భక్తి మాటగా మిగలదు.

ఆయనకు మొహమాటం తక్కువే. ప్రపంచ కతోలిక మేత్రాణులు రోమ్‌లో కూడిన రెండో వాటికన్ మహాసభలో, 1964 నవంబరులో, మిషన్ సేవ మీద తయారైన ముసాయిదాను పోపుగారే స్వయంగా వచ్చి మెచ్చుకున్నారు. ఆ తర్వాత కూడా లామొంట్ లేచి, ఇవి బైబిలులో యెహెజ్కేలు ప్రవక్త దర్శనంలో చూసిన లోయలోని ఎండిన ఎముకలని, అంటే ప్రాణం లేనివని అన్నారు. ముసాయిదా వెనక్కి వెళ్ళింది.

1965 నవంబరు 11న ఇయాన్ స్మిత్ ప్రభుత్వం బ్రిటన్‌తో తెంచుకుని తనంతట తానే స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అది తెల్లవారి స్వాతంత్ర్యం. 1972 చివరి నుంచి ఈశాన్య సరిహద్దులో ఆ ప్రభుత్వం మీద ఆఫ్రికావారి గెరిల్లా యుద్ధం ముదిరింది. లామొంట్ మొదటి అధ్యక్షుడిగా ఉన్న కతోలిక న్యాయశాంతి కమిషన్, భద్రతా దళాల చిత్రహింసల మీద సాక్ష్యాలు సేకరించి అచ్చు వేసింది. 1976 ఆగస్టులో ఆయన ప్రభుత్వానికి బహిరంగ లేఖ రాశారు. క్రైస్తవ నాగరికతను కాపాడుతున్నామని మీరంటున్నారు, నిజానికి మీ విధానాలు క్రీస్తు ధర్మాన్ని వెక్కిరిస్తున్నాయి, ఆఫ్రికా ప్రజలకు కమ్యూనిజం మీద ఆశ పుట్టిస్తున్నాయి అన్నది దాని సారం.

కోర్టుకెక్కింది మాత్రం ఇంతకన్నా చిన్న సంగతి. సరిహద్దు దగ్గరి అవిలా మిషన్‌కు గెరిల్లాలు వచ్చి మందులు అడిగారు. ఏం చేయమంటారని సిస్టర్లు అడిగితే, ఇవ్వండి, పోలీసులకు చెప్పకండి అన్నారాయన. తానూ చెప్పలేదు. చట్టం ప్రకారం రెండూ నేరాలే: కబురు చేయకపోవడం ఒకటి, చేయవద్దని ఇతరులకు చెప్పడం రెండోది. ఆయన నేరం ఒప్పుకున్నారు. ఒప్పుకుని, బోను నుంచి సుదీర్ఘమైన ప్రకటన చేశారు. 1976 అక్టోబరు 1న పదేళ్ళ కఠిన శిక్ష పడింది. అప్పీలులో అది నాలుగేళ్ళయింది, అందులో మూడేళ్ళు నిలిపివేశారు. 1977 మార్చిలో పౌరసత్వం రద్దు చేసి దేశం నుంచి పంపేశారు.

ఆయనను గెరిల్లాల పక్షం వాడిగా చదివితే అసలు సంగతి జారిపోతుంది. ఆ యుద్ధంలో మిషనరీలూ చచ్చిపోయారు. 1976 డిసెంబరులో విశ్రాంత మేత్రాణులు అడాల్ఫ్ ష్మిట్‌ను దారికాచి చంపారు. 1977 ఫిబ్రవరిలో ముసామి మిషన్‌లో ఏడుగురిని కాల్చేశారు. లామొంట్ పట్టుబట్టింది ఒక్కదానికే: అడిగిన రోగికి మందివ్వాలి, ఇచ్చిన చెయ్యి అతని ఆచూకీ రాసివ్వకూడదు. మారుమూల మిషన్‌లోని సిస్టరు ఒక్కసారి కబురు చేస్తే ఆ దవాఖానా దవాఖానాగా ఉండదు, చెక్‌పోస్టు అవుతుంది. ఆ మర్నాడు చుట్టుపక్కల పల్లెల్లోని జ్వరం పిల్లలూ రారు.

ఈ భాగాన్ని ధ్యానానికి తీసుకునేవాళ్ళు 31 నుంచి 46 దాకా మొత్తం చదవాలి. కుటుంబ ప్రార్థనల్లో చాలామంది 40 దగ్గర, 'మిక్కిలి అల్పులైన యీ నా సహోదరులలో ఒకనికి' అన్నచోట ఆపేస్తారు. మిగిలిన ఆరు వచనాలు కటువుగా ఉంటాయని. ఆపితే లెక్క తప్పుతుంది. ఆకలి, దప్పిక, పరదేశి, బట్టల్లేమి, రోగం, చెర: ఈ ఆరూ నాలుగుసార్లు వస్తాయి. మూడుసార్లు ఏ లేమికి ఏ పనో చెబుతారు, వాటిలో రెండుసార్లు రోగానికీ చెరకూ కలిపి ఒకే పని. నాలుగోసారి, ఎడమవైపు వాళ్ళ నోట, ఆరింటినీ గబగబా చదివేసి అన్నిటికీ కలిపి 'ఉపచారము' అన్న ఒక్క మాటతో సరిపెడతారు. వేలు పెట్టి చదివితే ఆ తేడా వినబడుతుంది.

రెండో చదువులో 37 దగ్గర ఆగండి. నీతిమంతులు కూడా "ప్రభువా, ఎప్పుడు?" అనే అడుగుతారు. ఎవరికి చేశారో వాళ్ళకు తెలియదు. ఇక్కడ మన ధ్యానం ఎక్కువగా తప్పేది, 'అల్పుడు' అనగానే నెమ్మదస్తుడైన పేదవాణ్ణి తలచుకోవడంతో. ఆ ముఖం తేలిక. పేరు చెబితే మీకే చిక్కు తెచ్చే మనిషి ముఖాన్ని ఒక్కదాన్ని ఎంచుకుని, అదే ముఖంతో ఆరింటినీ దాటి చూడండి. సాధారణంగా మూడోదైన 'పరదేశి' దగ్గరే మనసు మొరాయిస్తుంది. అక్కడే ఉండిపోండి, ఆ పూటకు అది చాలు.

1980 ఏప్రిల్ 18న జింబాబ్వే ఏర్పడింది. లామొంట్ తిరిగి వచ్చారు, మరుసటి ఏడు పదవి వదిలారు. ఆ తర్వాత ఆ పీఠం మీదికి ఆఫ్రికావాడైన అలెక్సియో ముచబైవా వచ్చారు. లామొంట్ 2003 ఆగస్టులో డబ్లిన్‌లో కన్నుమూశారు. ఆయన మొదటి అధ్యక్షుడిగా ఉన్న న్యాయశాంతి కమిషన్ మాత్రం పని ఆపలేదు. 1997లో మరో న్యాయ సంస్థతో కలిసి ఇంకో నివేదిక తెచ్చింది. ఈసారి లెక్క రాసింది 1980లలో దేశంలోని మతబెలేలాండ్ ప్రాంతంలో కొత్త ప్రభుత్వపు సైన్యం చంపినవాళ్ళనూ, కొట్టినవాళ్ళనూ.