రిమోట్ కారు కన్నా ముందు దాని లోయర్ ఆర్మ్ దొరుకుద్దా లేదా చూడండి

పోయిన దసరాకి మా వాడికి విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక రిమోట్ కారు కొన్నా, 1,800 రూపాయలు, పెద్ద చక్రాలు, ముందు లైట్లు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. పదకొండో రోజుకి లోపల ఒక ప్లాస్టిక్ పళ్ళచక్రం అరిగిపోయింది, మోటారు తిరుగుద్ది గానీ చక్రాలు కదలవు. కొన్న చోటికే తీసుకెళ్తే ఆ పార్టు విడిగా రాదండీ, కొత్తది తీసుకోండి అన్నారు. వేలెడంత లేని ప్లాస్టిక్ ముక్క కోసం కారు మొత్తం పడేయడం నాకు అస్సలు మింగుడు పడలా. ఆటోనగర్ ఉన్న ఊరు మనది, పాత లారీకి కూడా ఏదో ఒక షెడ్డులో సామాను దొరుకుద్ది, ఇక్కడ ఎవడైనా సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు మొదట అడిగేది సామాన్లు దొరుకుతాయా అనే కదా. బొమ్మ కారు దగ్గర మాత్రం ఆ మాట అడగడం మర్చిపోయా.

అప్పట్నుంచి రెండు నెలలు ఇదే పని, రాత్రి అన్నం తిన్నాక ఫోన్లో హాబీ గ్రేడ్ కార్ల గురించి చదవడం. హాబీ గ్రేడ్ అంటే స్పీడుగా పోయేది అనుకున్నా ముందు, కాదు. మోటారు, స్టీరింగ్ తిప్పే సర్వో, బ్యాటరీ, గేర్లు, చక్రాల్ని పట్టుకునే ఆర్ములు, షాకబ్జార్బర్లు, అన్నీ స్క్రూలిప్పి మార్చుకోవచ్చు, ప్రతి ముక్కకీ ఒక పార్ట్ నంబర్ ఉంటది. ఇంకోటి, మామూలు బొమ్మ కారు చాలావాటికి స్టీరింగ్ అయితే పూర్తిగా ఎడమ లేకపోతే పూర్తిగా కుడి, దీంట్లో వేలు ఎంత తిప్పితే చక్రం అంతే తిరుగుద్ది. పిల్లలకి నడపడం నిజంగా వచ్చేది దీంతోనే.

నా దగ్గర 10,000 ఉన్నాయి, అంతకు మించి ఒక్క రూపాయి తీయలేను, జూన్ వస్తే స్కూలు ఫీజు. జపాన్ కంపెనీ టామియా కిట్లు చూస్తే ప్రాణం లాగింది, మనమే కూర్చుని మొత్తం బిగించుకోవచ్చు, కానీ వాటికి రిమోటు, సర్వో, బ్యాటరీ, చార్జరు విడిగా కొనాలి, అవన్నీ కలిపితే తడిసి మోపెడవుద్ది. అందుకని డబ్బాలోంచి తీసి నడిపేసే రకమే చూశా. యూట్యూబులో డాలర్లలో రేటు చెప్తే దాన్ని రూపాయల్లోకి మార్చుకుని ఆశ పెట్టుకోకండి, బయట నుంచి వచ్చే బొమ్మల మీద మనవాళ్ళు దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు.

డబ్బా మీద రాసే స్పీడు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ పడిపోయేది అక్కడే. గంటకి 60 కిలోమీటర్లు అని రాస్తారు. అంటే సెకనుకి 16 మీటర్ల పైనే. మా సత్యనారాయణపురం సందు ఈ చివర నుంచి ఆ చివరకి 40 మీటర్లు ఉంటదేమో, నిజంగా అంత స్పీడుంటే రెండున్నర సెకన్లలో సందు అయిపోయి గోడ వచ్చేస్తది. స్పీడు రెట్టింపైతే గుద్దినప్పుడు దెబ్బ నాలుగింతలు, ఆ దెబ్బంతా తినేది ముందు ఆర్ములు, వాటి పిన్నులు. నా లెక్కలో తక్కువ డబ్బున్నోడు బ్రష్‌లెస్ మోటారు (లోపల అరిగే బ్రష్షులు లేనిది, వేగం ఎక్కువ) జోలికి మొదటే పోకూడదు. ఎంజేఎక్స్ హైపర్ గో లాంటివి దాంతోనే వస్తాయి, మంచి కార్లే, కాదనను, కానీ కొత్తవాడి చేతిలో ఆ వేగానికి పార్టుల ఖర్చు తట్టుకోలేం. బ్రష్షులుండే బ్రష్డ్ మోటారు అరిగిపోద్ది నిజమే, కొత్తది వేసుకోవడం చవక.

చివరికి డబ్ల్యూఎల్ టాయ్స్ 144001 దగ్గర ఆగా. అసలు కారులో 1/14 సైజు, నాలుగు చక్రాలకీ పవర్, మెటల్ ఛాసిస్, 550 సైజు బ్రష్డ్ మోటారు, రెండు సెల్లులున్న 7.4 వోల్టుల 1500 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. వీటన్నిటికన్నా నాకు నచ్చింది ఏంటంటే దీని పార్టులు చాలావరకు 124019 అనే పెద్ద మోడల్‌కి కూడా సరిపోతాయి, అంటే ఈ సామాను వాడేవాళ్ళు ఎక్కువ, కాబట్టి దొరుకుద్ది.

కొత్తది కొంటే డబ్బులన్నీ దానికే పోతాయని గుంటూరు అరండల్‌పేటలో ఒక బీటెక్ కుర్రాడి దగ్గర సెకండ్ హ్యాండ్ తీసుకున్నా, 6,500. ఆదివారం పొద్దున బస్సెక్కి వెళ్ళా. ముందు నాలుగు చక్రాలూ పట్టుకుని ఊపి చూశా, వెనక కుడి చక్రం కొంచెం లూజు, బేరింగు పోయింది. మోటారు పక్క పెద్ద గేరుని చేత్తో తిప్పా, పళ్ళు సాఫుగా ఉన్నాయి. ఒక బ్యాటరీ మొత్తం అయ్యేదాకా వాళ్ళ వీధిలో నడపమన్నా, పాపం విసుక్కోకుండా నడిపాడు. రెండో బ్యాటరీ ఇస్తానన్నాడు గానీ అది ఉబ్బి ఉంది, ఉచితంగా ఇచ్చినా వద్దన్నా. ఉబ్బిన లైపో ఇంట్లో పెట్టుకోకూడదు, అంటుకుంటే ఆపలేం. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినొద్దు.

మిగిలిన 3,500లో ఒక బ్యాలెన్స్ చార్జరు (సెల్లులన్నిటినీ సమానంగా నింపేది), ఒక బ్యాటరీ అలారం, రెండు జతల ఆర్ములు, బేరింగుల సెట్టు. ఆ అలారం బ్యాటరీ వైరుకి తగిలించి సెల్లుకి 3.5 వోల్టులు అని పెట్టుకుంటే అంతకంటే తగ్గగానే కీచుమని అరుస్తది, లేకపోతే పిల్లోడు ఆట ఆపడు, సెల్లు 3 వోల్టుల కిందకి పోయి చస్తది. చార్జింగు 1500 ఎంఏహెచ్‌కి 1.5 ఆంపియర్లు మించనీయను, పక్కనే కూర్చుంటా, అయ్యాక తీసేస్తా. మే నెల మన ఎండల్లో 40 దాటుద్ది కదా, మధ్యాహ్నం అసలు తీయం. ఒక బ్యాటరీ అయ్యాక మోటారు మీద వేలు పెట్టి నిలపలేకపోతే చల్లారేదాకా ఆగుతాం. కృష్ణ ఇసుకలోకి ఒక్కసారి తీసుకెళ్ళా, ఇంటికొచ్చాక పాత టూత్ బ్రష్షుతో గంటన్నర దులిపా, మళ్ళీ తీసుకెళ్ళలా.

ఆడటానికి జాగా అస్సలు లేనివాళ్ళు, అపార్టుమెంటులో రెండో అంతస్తులో ఉండేవాళ్ళు, అసలు స్పీడు కారే వద్దు, క్రాలర్ తీసుకోండి. ఎంఎన్ డీ90 లాంటివి నెమ్మదిగా నాలుగు ఇటుకలు, రెండు దిండ్లు ఎక్కుతా ఉంటాయి, గోడకి తగిలినా ఏం కాదు.

మొన్న ఆదివారం మావాడు గేటుకి గుద్దాడు, ముందు ఎడమ లోయర్ ఆర్మ్ విరిగింది. ఏడవబోయి నా మొహం చూశాడు. డబ్బాలోంచి కొత్త ఆర్మ్ తీసి చేతికిచ్చా. నేల మీద గుడ్డ పరిచి స్క్రూలు వరసగా పెట్టుకుని వాడే ఇప్పాడు, నేను టార్చి పట్టుకున్నా. 40 నిమిషాలు పట్టింది. పాత ఆర్మ్ పారేయనీయలేదు, వాళ్ళ క్లాసులో చూపిస్తాడంట.