ఊరికే చూడొచ్చా?

జూన్ నెలాఖరులో ఒక మధ్యాహ్నం. సియాటిల్‌లో ఆల్కై తీరాన నీళ్లు బాగా వెనక్కి పోయి, నాచు పట్టిన రాళ్లన్నీ బయటపడ్డాయి. మా పెద్దది ఒక చిన్న నీటిగుంట పక్కన గొంతుక్కూర్చుని ఉంది. గుంటలో పచ్చగా, పళ్లెం చుట్టూ కుచ్చులు కుట్టినట్టు, ఆ కుచ్చుల చివర్లకు గులాబీ రంగు అద్దినట్టు ఒక జీవి. ఇంగ్లీషులో సీ ఎనిమొనీ అంటారు. తెలుగులో ఏమంటారని అది అడుగుతుందేమోనని నేను ముందే బుర్ర గోక్కుంటున్నాను. కాసేపయ్యాక తలెత్తకుండానే, "దీనికి తెలుగు పేరు లేదా?" అంది. నాకు తెలియదన్నాను. దాని మొహం వెలిగిపోయింది.

"అయితే ఊరికే చూడొచ్చా?"

ఏడేళ్ల పిల్ల. వెటకారం ఇంకా రాదు. నిజంగానే అనుమతి అడిగింది. ఆ సాయంత్రం నేను పోపు మాడ్చాను, అన్నంలో నీళ్లు ఎక్కువ పోశాను, ఎవరి మీదో తెలియని కోపంతో గిన్నెలు చప్పుడు చేశాను.

ఇంతదాకా ఎలా వచ్చిందో చెప్పాలి. బడికి సెలవులిచ్చిన రోజే ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాను. "ఈ వేసవి నెమ్మదిగా" అని శీర్షిక. కింద మూడు నియమాలు. రోజూ రెండు గంటలు ఆరుబయట. ఫోను సంచిలో. బయట ఉన్నంతసేపు తెలుగే. మా ఆయన చదివి, "నాలుగోది కూడా రాయి, ఎవరూ అరవకూడదని" అన్నాడు. ఎవరిని ఉద్దేశించి అన్నాడో నాకు అర్థం కానట్టు ఊరుకున్నాను. మొదటి వారంలోనే పార్కింగ్ స్థలమంతా వినబడేలా "ప్రశాంతంగా నిలబడి పక్షుల కూత వినండి!" అని కేకపెట్టాను. పక్షులు వెళ్లిపోయాయి. రెండో నియమం తప్పిందీ నేనే. ఫోను సంచిలోనే ఉండేది, సంచి మాత్రం ఎప్పుడూ నా భుజానికే ఉండేది. ఒక్క పూటలో అరవై నాలుగు ఫొటోలు. అందులో ముప్పై చుట్టాల గుంపులోకి పంపాను, "ప్రకృతి ఒడిలో" అని రాసి మరీ.

మూడో నియమాన్ని మాత్రం గట్టిగా పట్టుకున్నాను. దానికి కారణం ఉంది. ఇంట్లో మా తెలుగు ఎలా ఉంటుందంటే: లే. పళ్లు తోముకో. తిను. బూట్లు వేసుకో. బస్సు వచ్చేస్తుంది. మళ్లీ తిను. కథలు, అలకలు, రహస్యాలు, జోకులు అన్నీ ఇంగ్లీషులోకి తరలిపోయాయి, తెలుగుకు మిగిలింది హుకుములు. వేసవిలోనైనా తొందరపెట్టని తెలుగు మాట్లాడాలనుకున్నాను. పని చెప్పని తెలుగు. తీరా చేసిందేమిటంటే, హుకుములు తీసేసి ఆ చోట పరీక్ష పెట్టాను. ప్రతి ఆకూ ప్రశ్నే, ప్రతి పురుగూ ప్రశ్నే. "ఇదేమిటి? చెప్పు. నిన్న చెప్పానుగా?"

నేల మీద ఉన్నంతవరకు నా బండి నడిచింది. గొంగళిపురుగు, నత్త, పీత, గద్ద, నాచు. చెట్ల దగ్గర కొంచెం మోసం చేశాను, ఒప్పుకుంటాను. సూదుల్లాంటి ఆకులున్న ప్రతి చెట్టూ నా నోట దేవదారే. సముద్రం దగ్గరికి వచ్చేసరికి సరుకు అయిపోయింది. మాది ఖమ్మం వైపు. సముద్రాన్ని మొదటిసారి చూసింది పద్నాలుగో ఏట, బడి విహారయాత్రకు విశాఖపట్నం వెళ్లినప్పుడు. లంగా కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని చీలమండల లోతుకు దిగి, కేకలు పెట్టి, బయటికి పరిగెత్తాం. నా తెలుగు కూడా అంత లోతుకే దిగింది. ఉప్పాడలోనో భీమిలిలోనో వలలు బాగుచేసుకునే వాళ్లను అడిగితే ఎన్ని పేర్లు చెబుతారో! లేనిది నా దగ్గర, తెలుగులో కాదు. ఈ తేడా ఏడేళ్ల పిల్లకు ఎలా చెప్పాలో తెలియక, పేర్లు పుట్టించడం మొదలుపెట్టాను.

సీ స్టార్‌కు పాఠ్యపుస్తకంలోని నక్షత్రచేప ఉండనే ఉంది, అది చేప కాకపోయినా. సీ కుకుంబర్‌ను సముద్రపు దోసకాయ చేశాను. "పప్పులో వేస్తారా?" అన్నాడు నాలుగేళ్ల చిన్నవాడు. రాళ్లకు గరుకుగా, తెల్లగా అంటుకుని ఉండే బార్నకిల్స్‌కు రాతిపొక్కులు అని పేరు పెట్టాను. నాకు బాగా నచ్చిన పేరు మాత్రం ఇసుక కుదురు. ఒకరోజు తడి ఇసుకలో, జానెడు వెడల్పున, గుండ్రంగా చుట్టుకుని ఒకచోట తెగిన రబ్బరు ముక్కలాంటిది కనబడింది. ఎవరో పారేసిన చెత్త అనుకుని, పిల్లలకు బాధ్యత నేర్పుదామని సంచిలో వేయబోయాను. అక్కడ స్వచ్ఛందంగా పనిచేసే ఒక పెద్దావిడ పరుగున వచ్చి ఆపింది. మూన్ స్నెయిల్ అనే పెద్ద నత్త ఇసుకను తన జిగురుతో కలిపి, ఆ పొరల మధ్య వేల గుడ్లు ఇమిడ్చి, తన చుట్టూ అలా పట్టీలా అల్లుతుందట. వేలితో తాకితే నిజంగానే సన్నటి గరుకు కాగితంలా ఉంది, కానీ వంగుతోంది. బిందె కింద పెట్టే కుదురే, అచ్చంగా. పేరు నోటికి దానంతట అదే వచ్చింది. బాధ్యత పాఠం సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం అమ్మకు ఫోను చేసినప్పుడు పెద్దది ఉత్సాహంగా, వచ్చీరాని తెలుగులో, "అమ్మమ్మా, నిన్న చాలా పొక్కులు చూశాం, తమ్ముడు చేత్తో ముట్టుకున్నాడు" అంది. అటువైపు క్షణం నిశ్శబ్దం. తరువాత మా అమ్మ గొంతు: "అయ్యో, ఎవరికే? అమ్మవారు పోసిందా? అక్కడ వేపాకు దొరుకుతుందా? పిల్లవాణ్ని ఎందుకు ముట్టుకోనిచ్చారు?" నేను ఫోను లాక్కుని సర్దిచెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఫోను పెట్టేశాక పెద్దది జాలిగా అడిగింది: "అమ్మమ్మకు తెలుగు రాదా?"

కుదురు మాత్రం అమ్మకు వెంటనే తెలిసింది. "దాని మీద బిందె ఎవరు పెడతారే?" అని నవ్వింది. చిన్నవాడికి కుదురు తెలుసు గానీ బిందె తెలియదు. ఈ లెక్కలెప్పుడూ ఇలాగే ఒకటి తక్కువ పడతాయి.

అబద్ధాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆగస్టు వచ్చిందంటే ఇక్కడ దారుల పక్కన ముళ్లపొదల నిండా నల్లటి పండ్లు. హిమాలయన్ బ్లాక్‌బెర్రీ. ఆ పేరు తెలిసినప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. రెండు వేసవులు పిల్లలకు "ఇది మన దేశపు పండు" అని చెప్పి తినిపించాను. పెద్దది బడిలో దానికి ఇంకాస్త జోడించి, అది మా అమ్మమ్మ వాళ్ల ఊరి నుంచి వచ్చిందని చెప్పింది. తరువాత చదివితే తెలిసింది: 1885లో లూథర్ బర్బ్యాంక్ అనే కాలిఫోర్నియా మొక్కల నిపుణుడు, భారతదేశం నుంచి తెప్పించుకున్న విత్తనాలు కదా అని ఆ పేరు పెట్టి పెంచాడట. అసలు పుట్టిల్లు ఆర్మీనియా వైపు. పైగా వాషింగ్టన్ రాష్ట్రం దాన్ని కలుపు మొక్కల జాబితాలో పెట్టింది. పిల్లలకు నిజం చెప్పాలి. చెప్పలేదు. ఈ ఏడాది కూడా గిన్నెల నిండా కోసుకుంటూ "మన పండు" అనే అన్నాను. నా చిన్నతనంలో అన్నిటికంటే మాది అనిపించిన చెట్టు సీమచింత. పేరులోనే సీమ ఉంది, మెక్సికో ప్రాంతాల నుంచి వచ్చిన చెట్టు. అదేమీ మాకు అప్పుడు అడ్డు రాలేదు కదా అని నాకు నేను నచ్చజెప్పుకుంటాను. ఈ వాదన బడిలో టీచరు ముందు నిలబడదని తెలుసు.

మా వేసవుల గురించి కూడా పిల్లలకు నేను చెప్పేది కొంచెం కడిగిన కథే. ప్రకృతి చూడమని మమ్మల్ని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్లలేదు. అసలు బయటికే వెళ్లనిచ్చేవారు కాదు. మిట్టమధ్యాహ్నం వడదెబ్బ తగులుతుందని తలుపులు వేసి, చాప పరిచి, పడుకోమనేవారు. మా అమ్మమ్మ గురక మొదలుకాగానే మేం పెరటి గోడ దూకేవాళ్లం. ఎండలో చెరువు గట్టు. అక్కడ మేం ప్రకృతిని ఆస్వాదించాం అంటే అది అబద్ధం. తూనీగల్ని పట్టి తోకకు దారం కట్టి ఎగరేసేవాళ్లం. ఇది ఒకరోజు సరదా కథలా పెద్దదానికి చెప్పాను. అది నవ్వలేదు. "దారం ఎప్పుడు విప్పేవాళ్లు?" అని అడిగింది. విప్పడం నాకు గుర్తులేదు. ఇప్పుడు ఆల్కై రాళ్ల మీద నిలబడి, "చెయ్యి తడి చేసుకుని, ఒక్క వేలితో, మెల్లగా" అని బోధించేది ఆ తూనీగల మనిషే.

వెళ్లాలనుకునే వాళ్లకు నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను. నీళ్లు పూర్తిగా తగ్గే సమయానికి గంట ముందే చేరుకోవాలి, నీళ్ల వెనకాలే నడవాలి. చెప్పులు జారతాయి, బూట్లు ఉండాలి. రాయి ఎత్తితే ఎలా ఉన్నది అలాగే, నెమ్మదిగా దించాలి, తలకిందులుగా వదిలేస్తే కింద తేమలో బతికేవి ఎండకు ఎండిపోతాయి. ఏదీ ఇంటికి తీసుకురాకూడదు. ఇంతవరకు ధైర్యంగా చెప్పగలను. తెలుగును వెంట తీసుకెళ్లాలా, కారులో వదలాలా అన్న దగ్గర నా ధైర్యం ఆగిపోతుంది. వదిలేస్తే, పిల్లలు పెద్దయ్యాక ఈ తీరాన్ని తలుచుకున్నప్పుడు అందులో నా భాష ఉండదు. తీసుకెళ్తే, ఉంటుంది గానీ, ప్రశ్న వేసే గొంతుగా ఉంటుంది. ఏది నయమో మీకు తెలిస్తే నాకూ చెప్పండి.

జూలైలో మళ్లీ నీళ్లు బాగా తగ్గిన రోజున, నోరు మెదపకూడదని ఒట్టు పెట్టుకుని వెళ్లాను. పదకొండు నిమిషాలు ఆగాను. ఎన్ని నిమిషాలో ఎలా తెలుసంటే, ఫోను తీసి చూశాను. ఆ పదకొండు నిమిషాల్లో చిన్నవాడు తడి రాతి మీద బోర్లా పడుకుని ఒక బుల్లి పీతను చూస్తున్నాడు. ఎవరి గుల్లలోనో కాపురం పెట్టే రకం అది, కాళ్లు బయటికి పెట్టి మళ్లీ లోపలికి లాక్కుంటోంది. వాడు దానితో ఇంగ్లీషులో ఏదో పెద్ద కథ చెబుతున్నాడు, డైనోసార్లు కూడా ఉన్నాయి అందులో. ఉన్నట్టుండి పక్కనున్న నాచు ముక్కను వేలితో దాని ముందుకు నెట్టి, గొంతు మార్చి, తెలుగులో అన్నాడు: "తిను. తిను. బస్సు వచ్చేస్తుంది. మళ్లీ తిను."

అచ్చం నా గొంతు. విసుగుతో సహా. ఆ రోజు ఫొటో తీయలేదు.

పెద్దది ఈ మధ్య వంటింట్లో తెలుగు క్యాలెండర్ ముందు కుర్చీ వేసుకుని నిలబడుతోంది. నేనేమీ నేర్పలేదు. నీళ్లు తగ్గే తేదీలు రాసిన కాగితాన్ని పక్కన పెట్టి చూస్తే, వేసవిలో నీటిమట్టం సున్నా గీతకు మూడడుగులు కిందికి దిగే రోజులు క్యాలెండర్‌లో నల్ల సున్నా, తెల్ల సున్నా దగ్గరే పడుతున్నాయని తనే కనిపెట్టింది. సరిగ్గా ఆ రోజు కాకపోతే ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. "నల్లది ఏమిటి?" అంది. అమావాస్య అన్నాను. అంతే అన్నాను, చంద్రుడి కథ మొత్తం నాలుక చివరికి వచ్చినా మింగేశాను. అప్పటినుంచి ప్రతి సున్నా పక్కన పెన్సిల్‌తో ఒక అల బొమ్మ వేస్తోంది. వేస్తూ వేస్తూ డిసెంబరు దాకా వెళ్లి ఆగింది. ఇక్కడ చలికాలంలో నీళ్లు బాగా తగ్గేది రాత్రిపూట. కాగితంలో అంకెలు చూసి, "అమావాస్య రాత్రి టార్చి పట్టుకుని వెళదామా?" అని అడిగింది. తెలుగులోనే అడిగింది, టార్చితో సహా.

"అమావాస్య రాత్రి బయట తిరగకూడదు" అన్నాను. వేసవంతా పిల్లల్ని చెయ్యి పట్టి బయటికి లాగిన నోటితోనే. ఆ మాట నా లోపల ఎక్కడ చాప పరుచుకుని పడుకుని ఉందో!

"ఎందుకు?"

"చలి" అన్నాను.

అది నన్ను కాసేపు, ఆ గుంటలోని జీవిని చూసినట్టే, ఊరికే చూసింది. తరువాత క్యాలెండర్ వైపు తిరిగి, డిసెంబరు అల పక్కన చిన్న టార్చి బొమ్మ వేసింది.