పొద్దున కళ్ళ వాపు నుంచి వేలూరు దాకా

మా పాపకు నాలుగో ఏట నెఫ్రోటిక్ సిండ్రోమ్ వచ్చింది. మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బు. ఇప్పుడు రెండో తరగతి చదువుతోంది, మందులన్నీ ఆపేసి ఏడాది దాటింది, సాయంత్రమైతే మిట్టూరు సందుల్లో సైకిల్ దిగదు. ఈ జబ్బు గురించి డాక్టర్లు చెప్పాల్సింది డాక్టర్లే చెబుతారు. నేను రాయాలనుకున్నది వేరే. ఇంటి దగ్గరి పిల్లల డాక్టరుతో ఎంతవరకు నడిపించాం, పెద్ద డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోయాం, ఆ సమయం వచ్చిందని మాకు ఎలా తెలిసింది అన్నది. చిత్తూరులో బిడ్డకు ఏం వచ్చినా చుట్టూ వినిపించే మొదటి మాట "రాయవేలూరికి తీసుకుపోండి" అని. పెద్దాసుపత్రి ఉన్న తమిళనాడు వేలూరే అది. గంటలో పోయే ఊరు కాబట్టి ఆ మాట అనడం తేలిక. పోవాలా వద్దా అని తేల్చుకోవడమే కష్టం.

మొదలైంది కళ్ళ వాపుతో. పొద్దున లేచేసరికి రెప్పలు ఉబ్బి కళ్ళు సగమే తెరుచుకునేవి. మధ్యాహ్నానికి తగ్గిపోయేది. సాయంత్రం క్లినిక్కులు తెరిచే వేళకు బిడ్డ మొహం మామూలుగా కనిపించేది. మొదట చూపించిన చోట అలర్జీ అని సిరప్పు, కళ్ళలోకి చుక్కల మందు ఇచ్చారు. వాడాం. ఏ మార్పూ లేదు. పాపకు కళ్ళు దురద పెట్టలేదు, ఎర్రబడలేదు, తుమ్ములు లేవు. పైగా సాయంత్రం సాక్సు విప్పితే పిక్క మీద గీత లోతుగా పడి ఉండేది. రాత్రి పడుకున్నప్పుడు ఒంట్లో నీరు మొహానికి చేరుతుందనీ, పగలంతా నిలబడి తిరిగితే అదే నీరు కాళ్ళకు దిగుతుందనీ తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే, ఇది అలర్జీ మాదిరి లేదని. అందుకని పొద్దున పక్క మీద ఉండగానే రోజూ ఫోన్లో మొహం ఫొటో తీయడం మొదలుపెట్టాను.

మా అత్తకు వేరే అనుమానం. "ఇది ఉబ్బు కామెర్ల మాదిరి ఉంది మా. పలమనేరు పక్క పసరు పోస్తారంట, ఆదివారం పోయొస్తాం" అంది. ఆమె భయం నాకు అర్థమైంది, ఆమె కళ్ళముందు వాపుతో పోయిన బిడ్డలున్నారు. "అత్తా, ముందు రక్తం, మూత్రం చూపిస్తాం. ఏ జబ్బో తెలియకుండా పాప కడుపులోకి ఏదీ పోవద్దు" అన్నాను. ఏం నూరి పోస్తారో తెలియని మందుల్లో కొన్ని నేరుగా కిడ్నీలనే దెబ్బతీస్తాయి. అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత కాణిపాకం స్వామికి మొక్కుకుని, నాతోపాటు తనూ ఆసుపత్రికి బయల్దేరింది.

మేము ఎప్పుడూ టీకాలు వేయించే పిల్లల డాక్టరు ఫొటోలు చూసింది. పాప కాలి ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టుకుంది. వేలు తీశాక గుంట అలాగే నిలిచింది. "ముందు మూత్రం పట్టుకురండమ్మా" అంది. అందులో ముంచితే, పసుపుపచ్చగా ఉండాల్సిన పరీక్ష స్ట్రిప్పు మా ముందే ముదురు ఆకుపచ్చకు తిరిగింది. 4+, అంటే ప్రోటీన్ చాలా ఎక్కువగా పోతోందని. ఏ చిన్న ల్యాబులోనైనా నిమిషాల్లో చేసే పరీక్ష అది. పొద్దున పూట కళ్ళు ఉబ్బే బిడ్డకు అలర్జీ మందు రెండో సీసా కొనే ముందు ఒక్కసారి మూత్రం చూపించండని ఇప్పుడు ఎవరు అడిగినా గట్టిగా చెబుతున్నాను.

కిడ్నీలో రక్తాన్ని వడకట్టే జల్లెడ ఉంటుంది. ఈ జబ్బులో దాని కన్నాలు వదులై, రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ మూత్రంలోకి జారిపోతుంది. రక్తంలో ఆల్బుమిన్ తగ్గితే నీరు రక్తనాళాల్లో నిలవక కండలోకి చేరి ఒళ్ళు ఉబ్బుతుంది. మూత్రం నురగ కడుతుంది, రక్తంలో కొలెస్ట్రాల్ పెరుగుతుంది. పిల్లల్లో ఎక్కువగా ఏడాది నుంచి పదేళ్ళ లోపు వయసులో వస్తుంది, వాళ్ళలో నూటికి 80కి పైగా స్టెరాయిడ్‌తో దారికి వస్తారు.

రిపోర్టులు వచ్చిన రోజు రాత్రి మా ఇంటాయన "రేపే వేలూరు పోదాం" అన్నాడు. కిడ్నీ అనే మాట విన్నాక ఏ తండ్రికైనా కాళ్ళు నిలవవు. నాకూ పోవాలనే ఉంది. పొద్దునే డాక్టరమ్మ దగ్గరికి పోయి అదే అడిగాం. ఆమె కోపగించుకోలేదు. "పోవచ్చు, లెటర్ రాసిస్తాను. కానీ వాళ్ళు మొదలుపెట్టేదీ ఇదే స్టెరాయిడ్ మాత్రమ్మా. పాప వయసు ఈ జబ్బు మామూలుగా వచ్చే వయసే. మూత్రంలో రక్తం లేదు, బీపీ మామూలుగా ఉంది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగుంది. మొదటిసారి నేను చూడగలను" అంది. అప్పుడు నేను అడిగిన ప్రశ్నే మమ్మల్ని చివరిదాకా నిలబెట్టింది. "మేడం, ఏం జరిగితే మీరే మమ్మల్ని పంపిస్తారు?"

ఆమె మందుల చీటీ వెనక రాసింది. ఆరు వారాలు రోజూ ప్రెడ్నిసలోన్ అనే ఆ స్టెరాయిడ్ మాత్ర వేసినా ప్రోటీన్ ఆగకపోతే పోవాలి. మూత్రం ఎర్రగా గానీ కాఫీ డికాషన్ రంగులో గానీ వస్తే, బీపీ గానీ క్రియాటినిన్ గానీ పెరిగితే పోవాలి. తగ్గాక ఆరు నెలల్లో రెండుసార్లు తిరగబెట్టినా, ఏడాదిలో మూడుసార్లు తిరగబెట్టినా పోవాలి. గీత గీసి దాని కింద ఇంకో రెండు వరుసలు రాసింది. జ్వరంతో కడుపు నొప్పి వస్తే, ఆయాసం వస్తే, వాంతులై మూత్రం తగ్గిపోతే ఏ పెద్ద డాక్టరు అపాయింట్‌మెంటూ చూసుకోకుండా ఆ గంటలోనే దగ్గరున్న ఆసుపత్రికి. ఈ జబ్బున్న పిల్లలకు కడుపులో ఇన్ఫెక్షన్ చాలా వేగంగా ముదురుతుందట. ఆ చీటీ ఫ్రిజ్ తలుపు మీద అంటించాక మా ఇంటాయన మళ్ళీ వేలూరు మాట ఎత్తలేదు. పోవడం మానుకోలేదు మేము, ఎప్పుడు పోవాలో తెలిసింది, అంతే.

స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు టీబీ లేదని చూడడానికి చేతికి మాంటూ పరీక్ష చేశారు. తర్వాత బరువును బట్టి, కిలోకు 2 మిల్లీగ్రాముల లెక్కన, పొద్దున తిన్నాక మాత్ర. ఆరు వారాలు రోజూ, ఆపైన ఆరు వారాలు మోతాదు తగ్గించి రోజు విడిచి రోజు. మధ్యలో సొంతంగా ఆపకూడదని డాక్టరమ్మ ప్రతిసారీ చెప్పింది. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతున్నన్నాళ్ళు ఒళ్ళు తను తయారుచేసుకునేది తగ్గించేస్తుంది, ఉన్నపళాన ఆపితే బిడ్డ కుప్పకూలవచ్చు.

ఆ రోజులు మందు కంటే తిండితో కష్టంగా గడిచాయి. స్టెరాయిడ్‌కు ఆకలి విపరీతం. వాపు ఉన్నన్నాళ్ళు ఉప్పు తగ్గించాలి. సంగటి ముద్ద పెట్టి పక్కన ఊరిబిండి లేకపోతే నా బిడ్డ పళ్ళెం తోసేసేది. అనపగింజల కూరలో ఉప్పు బదులు నిమ్మకాయ, కొత్తిమీర వేసి చూశాను, అది తినింది. అప్పడాలు, ఊరగాయలు ఇంట్లో అందరం మానేశాం. బిడ్డ ముందు మనం తింటూ ఆమెకు వద్దనడం నాకు చేతకాలేదు. "ప్రోటీన్ పోయే జబ్బు కదా, పప్పూ గుడ్డూ మానిపించు" అని ఒకరు, "రోజూ నాలుగు గుడ్లు పెట్టు" అని ఒకరు. రెండూ వద్దు, వయసుకు తగ్గ మామూలు తిండి చాలని డాక్టరమ్మ చెప్పింది. బుగ్గలు గుండ్రమయ్యాయి, చిన్నదానికే అరిచేది, రాత్రి నిద్ర పట్టేది కాదు. మందు తగ్గాక ఇవన్నీ తగ్గాయి. ఆ అరుపులు మందువని అత్తకు చెప్పి ఉంచాను కాబట్టి ఇంట్లో ఎవరూ పాపను కసురుకోలేదు.

రోజూ పొద్దున మొదటి మూత్రం స్ట్రిప్పుతో చూసి నోటు పుస్తకంలో రాసేదాన్ని. తేదీ, ప్లస్సులు ఎన్ని, బరువు, మాత్ర ఎంత, జలుబు జ్వరాలు ఏమైనా. స్ట్రిప్పులు కొనలేనివాళ్ళు పరీక్ష నాళికలో మూత్రం పోసి సల్ఫోశాలిసిలిక్ ఆమ్లం చుక్కలు వేసి చూసుకోవచ్చు, ప్రోటీన్ ఉంటే తెల్లగా విరుగుతుంది. వరుసగా మూడు రోజులు నిల్, అంటే ప్రోటీన్ లేదని వస్తే తగ్గినట్టు, వరుసగా మూడు రోజులు 3+ గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే తిరగబెట్టినట్టు. ఈ లెక్క తెలిశాక ఒక్కరోజు 1+ కనిపించగానే గుండె జారడం ఆగింది. మొదటిసారి మూడో నిల్ రాసిన పొద్దున అత్త ఆ పేజీకి పసుపు బొట్టు పెట్టింది. ఆ బొట్టు ఇప్పటికీ ఉంది.

మందు పూర్తయ్యాక వానాకాలం జలుబుతో తిరగబెట్టింది. జలుబు, జ్వరాలతో ఈ జబ్బు తిరగబెట్టడం మామూలేనని ముందే చెప్పి ఉన్నారు. మళ్ళీ స్టెరాయిడ్, మళ్ళీ నిల్. అది ఆపిన కొద్దికాలానికే ఇంకో జలుబు, ఇంకో 3+. నోటు పుస్తకం తీసుకుపోయి ముందు పెట్టాను. డాక్టరమ్మ తేదీలు లెక్కపెట్టి, "ఇప్పుడు పోవాలమ్మా. ప్రతి జలుబుకూ నేను స్టెరాయిడ్ ఇస్తూ పోతే ఎత్తు పెరగడం, కళ్ళు, ఎముకలు, బీపీ అన్నీ దెబ్బతింటాయి. స్టెరాయిడ్ తగ్గించే మందులు వాళ్ళు మొదలుపెట్టాలి" అని తనే లెటర్ రాసింది.

తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో కిడ్నీ విభాగం ఉంది, అక్కడికి పోదామా అని ఆలోచించాం. చిన్నబిడ్డ కాబట్టి పిల్లల కిడ్నీ జబ్బులకు ప్రత్యేక విభాగం ఉన్న చోటికే పొమ్మని డాక్టరమ్మ చెప్పింది. అలా వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోయాం. చిత్తూరులో రైలెక్కి కాట్పాడిలో దిగడం. అత్త దారి పొడుగునా పాప చేతిని వదల్లేదు.

అక్కడి డాక్టరు నోటు పుస్తకం మొదటి పేజీ నుంచి చదివారు. ప్రతిసారీ స్టెరాయిడ్‌కు తగ్గుతోంది కాబట్టి బయాప్సీ అక్కర్లేదన్నారు. సూది గుచ్చి కిడ్నీ ముక్క తీస్తారని మేము లోలోపల వణికింది ఆ మాటతో పోయింది. రోజు విడిచి రోజు లెవమిసోల్ అనే స్టెరాయిడ్ తగ్గించే మందు, దానితోపాటు కొన్నాళ్ళు తక్కువ మోతాదు స్టెరాయిడ్. లెవమిసోల్‌తో తెల్ల రక్తకణాలు తగ్గే అవకాశం ఉంది కాబట్టి అప్పుడప్పుడు రక్త పరీక్ష. కళ్ళలో పొర వస్తోందేమో చూశారు, ఎత్తు గీతల పట్టీ మీద గుర్తుపెట్టారు, న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకాకల్ టీకా గురించి అడిగారు. స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో ఉండగా అమ్మవారు (చికెన్‌పాక్స్) సోకిన పిల్లలకు దగ్గరగా ఉంటే అదే రోజు డాక్టరుకు చెప్పాలన్నారు. చివర్లో నాకు బాగా నచ్చిన మాట చెప్పారు. ప్రతిదానికీ ఇక్కడిదాకా రావొద్దు, మీ ఊరి డాక్టరే చూస్తారు, మేము ఆమెకు రాస్తామని.

అలాగే జరిగింది. బీపీ, రక్తం, టీకాలు అన్నీ చిత్తూరులోనే. మందు మార్చాల్సినప్పుడే వేలూరు. మొదటి రోజే పరిగెత్తి ఉంటే అదే మాత్ర వేలూరులో మింగించేవాళ్ళం, ప్రతి స్ట్రిప్పుకూ రైలెక్కేవాళ్ళం. అసలే పోకుండా ఉంటే ప్రతి వానాకాలం స్టెరాయిడే. ఇప్పుడు జలుబు చేసినప్పుడు మాత్రం స్ట్రిప్పుతో చూస్తాను. పిల్లలు పెద్దయ్యేకొద్దీ చాలామందిలో తిరగబెట్టడం తగ్గుతుంది, మళ్ళీ రావచ్చని కూడా మాకు తెలుసు. స్టెరాయిడ్ పూర్తిగా మానేశాక, ఆపి ఉంచిన అమ్మవారి టీకా కూడా వేయించాం.

ఈ మధ్య తిరుపతిలో ఉండే మా తోడికోడలు ఫోన్ చేసింది. వాళ్ళ పిల్లాడికి చెవి లోపల కర్ణభేరి వెనక నీరు చేరింది, పిలిస్తే పలకడం లేదు, పెద్ద ఈఎన్టీ దగ్గరికి పోవాలా అక్కా అని. మీ డాక్టరునే ఆ ప్రశ్న అడుగు, ఏం జరిగితే పంపిస్తారో రాయించుకో అన్నాను. అడిగింది. ఆ నీరు చాలావరకు దానంతటదే పోతుంది, మూడు నెలలైనా అలాగే ఉంటే వినికిడి పరీక్ష చేయించి ఈఎన్టీకి చూపించాలి, మాట వెనకబడినా బళ్ళో ఇబ్బంది పడినా అంతవరకు ఆగొద్దు అని చెప్పారట. ఆ గడువు సంక్రాంతికి తీరుతుంది. పరీక్షకు ఇప్పుడే పేరు రాయించి పెట్టుకున్నారు, బళ్ళో టీచరమ్మకు చెప్పి పిల్లాడిని ముందు వరుసలో కూర్చోబెట్టారు.