మొరగకుండా కరిచిన కుక్క

కుక్క కరిచిందనగానే అందరూ రేబిస్ గురించే అడుగుతారు. అడగాల్సిన మాటే అది. కానీ నన్ను ఆసుపత్రి మంచం ఎక్కించింది ఆ కుక్క నోట్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియా. దాన్ని పాశ్చురెల్లా అంటారు. నిక్షేపంగా ఉన్న కుక్కల నోళ్లలో, పిల్లుల నోళ్లలో కూడా ఉంటుంది. పంటి గాటుతో లోపలికి దిగితే చాలాసార్లు రోజు తిరిగేలోపే ఆ చోటు ఎర్రబడి వాచిపోతుంది.

నన్ను కరిచింది వీధి కుక్క కాదు. పై అంతస్తు వాళ్ల పెంపుడు కుక్క, నాకు బాగా అలవాటైనదే. మెట్ల దగ్గర ఎదురైనప్పుడు వాళ్లావిడ "నిమరండక్కా, ఏమీ చేయదు" అంటే ఎప్పటిలాగే తల మీద చెయ్యి వేశాను. చెవి పక్కన వేలు తగిలిందో లేదో, చెయ్యి దాని నోట్లో ఉంది. మొరగలేదు, గుర్రుమనలేదు. బొటనవేలి కింద కండలో కోరలు దిగాయి. పైకి చూస్తే చిన్న బెజ్జాలే, రక్తం కూడా పెద్దగా రాలేదు.

కొళాయి కింద చెయ్యి పెట్టి సబ్బుతో కడుగుతూనే ఉన్నాను. పదిహేను నిమిషాలు కడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రేబిస్ వైరస్ మీద కొవ్వు పొర ఒకటి ఉంటుంది, సబ్బు ఆ పొరను విడగొడుతుంది. పైగా పారే నీళ్లు గాయంలోని లాలాజలాన్ని బయటికి తీసుకుపోతాయి. ఎవరో పసరు పూయమన్నారు, ఇంకెవరో గట్టిగా కట్టు కట్టేయమన్నారు. రెండూ వద్దన్నాను. నీళ్లు, సబ్బు ఉంటే చాలు, ఆ వెంటనే ఆసుపత్రి.

చర్మం తెగి రక్తం వచ్చింది కాబట్టి అది మూడో కేటగిరీ గాయమన్నారు డాక్టరుగారు. ఇలాంటి గాయానికి టీకా ఒక్కటే సరిపోదు. టీకా వేశాక మన ఒంట్లో యాంటీబాడీలు తయారవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ లోపు కాపాడడానికి సిద్ధంగా ఉన్న యాంటీబాడీలను, అంటే ఇమ్యూనోగ్లోబ్యులిన్‌ను, గాయంలోకీ చుట్టూరా ఇస్తారు. అరచేతి కండలో ఆ సూది దిగినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాంతోపాటు టెటనస్ ఇంజెక్షన్, మొదటి టీకా. తర్వాతి టీకాలు 3, 7, 14, 28 రోజులకు అని చీటీ మీద రాసిచ్చారు. గాయానికి కుట్లు వేయలేదు, వేస్తే మురికి లోపలే ఉండిపోతుందట.

కుక్క టీకా పుస్తకం తెప్పించి చూస్తే రేబిస్ టీకా గడువు ఎప్పుడో దాటిపోయింది. దాన్ని పది రోజులు కనిపెట్టి ఉండమన్నారు. ఆ పది రోజులూ కుక్క ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని లాలాజలంలో వైరస్ లేదనే లెక్క. అయితే అది తేలేదాకా మన వైద్యం ఆగకూడదు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. కుక్క బాగానే ఉంది కదా, చూద్దాంలే అనుకుంటారు.

మాత్రలు మొదలుపెట్టినా తెల్లారేసరికి చెయ్యి మణికట్టు దాకా వాచింది. వేళ్లు ముడుచుకోవడం లేదు, జ్వరం కాస్తోంది. చేతిలో కీళ్లు, స్నాయువులు చర్మానికి మరీ దగ్గరగా ఉంటాయి కాబట్టి చేతి మీద కాటును తేలిగ్గా తీసుకోరు. మత్తు ఇచ్చి, గాయం తెరిచి, చీము తీసి శుభ్రం చేశారు. ఆ తర్వాత సెలైన్‌తో యాంటీబయాటిక్‌లు, రోజూ డ్రెస్సింగ్. గుడ్డ తీసేటప్పుడు గోడ వైపు చూస్తూ పళ్లు బిగపట్టేదాన్ని.

నొప్పి కన్నా రాత్రుళ్లు భయమే ఎక్కువ బాధపెట్టింది. రేబిస్ లక్షణాలు బయటపడితే ఇక దాదాపు ఎవరూ బతకరు. సాధారణంగా రెండు మూడు నెలలకు బయటపడుతుంది. ఆ సంగతి తెలిసిన మనిషికి నిద్ర ఎలా పడుతుంది? చెయ్యి కొద్దిగా తిమ్మిరెక్కినా టెన్షన్ పడేదాన్ని. ఒక రోజు డాక్టరుగారు కూర్చుని ఓపిగ్గా చెప్పారు. "వైరస్ నరాల వెంట మెదడు దాకా వెళ్లాలమ్మా. మనం దానికంటే ముందే కాపలా పెట్టేశాం. వేళకి చికిత్స అందితే ఈ జబ్బును ఆపగలం." ఆ మాటతో కొంచెం కుదుటపడ్డాను. 1885లో లూయీ పాశ్చర్ టీకాతో బతికిన తొమ్మిదేళ్ల పిల్లవాడి గురించి అప్పుడే చదివాను. టీకా ఉండి కూడా నేటికీ మనుషులు దీనితో పోతున్నారంటే, వాళ్లలో పదిహేనేళ్ల లోపు పిల్లలు దాదాపు 40 శాతం అంటే, తట్టుకోలేకపోయాను.

వాపు తగ్గాక బొటనవేలు కర్రలా బిగుసుకుపోయింది. ఫిజియోథెరపీలో మెత్తటి బంతి పిసకడం, నాణేలు ఏరడం, గుండీలు పెట్టుకోవడం చేయించేవారు. మొదటిసారి సొంతంగా జడ వేసుకున్న రోజు అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

ఈలోగా కుక్కను వెటర్నరీ డాక్టరుకు చూపిస్తే చెవి లోపల బాగా చీము పట్టి ఉంది. పాపం అది ఎన్నాళ్లుగా ఆ నొప్పి భరిస్తోందో! అంతకుముందు చెవి దగ్గర ముట్టుకుంటే గుర్రుమనేదట. గుర్రుమన్నప్పుడల్లా కొట్టి మాన్పించారు. అది విన్నప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. ఆ హెచ్చరికను కొట్టి మాన్పిస్తే నొప్పి అలాగే ఉంటుంది, ఇక మిగిలేది కాటే. వాళ్లు భయపడి కుక్కను ఎక్కడైనా వదిలేస్తామన్నారు. వద్దు, ముందు చెవికి వైద్యం చేయించండి, టీకా వేయించండి, బయటికి తెస్తే గొలుసుతో తీసుకురండి అన్నాను. అలాగే చేశారు. చెవి నయమయ్యాక అది మళ్లీ మామూలుగా మసలుతోంది. నేను మాత్రం దాన్ని ముట్టుకోవడానికి ఇంకా సిద్ధంగా లేను.

ఆ వెటర్నరీ డాక్టరుగారే మా భవనంలో వాళ్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడతానన్నారు. ముందు పిల్లలతో మొదలుపెట్టారు. కుక్క తల పక్కకి తిప్పుకోవడం, పెదవులు నాక్కోవడం, కళ్ల తెల్లభాగం కనిపించేలా ఓరగా చూడడం, ఉన్నట్టుండి కదలకుండా బిగుసుకుపోవడం, ఇవన్నీ "నన్ను వదిలెయ్" అని చెప్పడమేనట. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, పిల్లల్ని కన్నప్పుడు దాని జోలికి పోకూడదు. తెలియని కుక్క మీదికి వస్తే పరుగెత్తకుండా, చేతులు దగ్గరికి పెట్టుకుని, దాని కళ్లలోకి చూడకుండా నిలబడాలి. పిల్లలు అది ఆటలా నేర్చుకున్నారు. పెద్దవాళ్లకే కష్టమైంది. "మా కుక్క అలాంటిది కాదండీ" అని ప్రతివాళ్లూ చేయెత్తారు. నేను లేచి నా చెయ్యి చూపించాను. పిల్లల్ని ఎక్కువగా కరిచేది వాళ్లకు తెలిసిన కుక్కలే. పైగా చిన్నపిల్లల ముఖం కుక్క నోటి ఎత్తులోనే ఉంటుంది.

ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా పడితే వాటి మధ్య రేబిస్ వ్యాప్తి ఆగిపోతుందని ఆయన చెప్పాక, భవనంలోని కుక్కలన్నిటి టీకా తేదీలు ఒకే పుస్తకంలో రాసే పని నేను తీసుకున్నాను. గడువు దగ్గర పడితే తలుపు కొట్టి గుర్తుచేస్తాను. ఒకరిద్దరు విసుక్కుంటారు, అయినా వెళ్తాను.

వచ్చే సమావేశం పిల్లుల గురించి. పిల్లి పన్ను సన్నగా ఉండి లోతుగా దిగుతుంది, పైన గాయం త్వరగా మూసుకుపోతుంది, అందుకే పిల్లి కాటు చీము పట్టే అవకాశం కుక్క కాటు కన్నా ఎక్కువ. కింది అంతస్తులో కొత్తగా పిల్లికూనలు వచ్చాయి, పిల్లలంతా సాయంత్రాలు అక్కడే ఉంటున్నారు. వాళ్ల అమ్మానాన్నలు కూడా రావాలని ఇంటింటికీ వెళ్లి చెబుతున్నాను.