ఫాలింగ్‌వాటర్‌లో మా నాన్న చూసింది

పిట్స్‌బర్గ్ అంటే మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి గుడే. మేముండే కొలంబస్ నుంచి మూడు గంటల ప్రయాణం. అమ్మానాన్నలు అమెరికా వచ్చినప్పుడల్లా అక్కడికి వెళ్లి, దర్శనం చేసుకుని, పులిహోర తిని రావడం ఆనవాయితీ. 2019 అక్టోబరులో మాత్రం ఆ ప్రయాణానికి ఇంకో చోటు కలిపాను. గుడికి గంటన్నర దూరంలో, అడవిలో, బేర్ రన్ అనే వాగు మీద ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే పేరున్న అమెరికన్ ఆర్కిటెక్ట్ కట్టిన ఇల్లు ఉంది. పేరు ఫాలింగ్‌వాటర్. నాన్న రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. గుడిలో ప్రదక్షిణ చేస్తూ కూడా స్లాబు మందం అంచనా వేసే మనిషి. ఆయనకు నచ్చుతుందనుకున్నాను.

టికెట్లే పెద్ద పని. నేరుగా వెళ్లి గేటు దగ్గర కొనుక్కోవచ్చులే అనుకోవడం నా మొదటి తప్పు. లోపలికి వెళ్లాలంటే ముందే సమయం ఖాయం చేసుకోవాలి. అక్టోబరులో ఆకులు రంగు మారే రోజులు కదా, వారాంతాలన్నీ ఎప్పుడో నిండిపోయాయి. పోనీ సెలవు పెట్టి బుధవారం వెళదామంటే ఆ రోజు మూసి ఉంటుంది. రోజుకు నాలుగైదు సార్లు చూడగా చూడగా, ఎవరో రద్దు చేసుకున్న రెండు టికెట్లు ఆదివారం పదిన్నరకు దొరికాయి. కొన్నాక కింద చిన్న అక్షరాల్లో ఉన్న నిబంధన చదివాను: ఆరేళ్లలోపు పిల్లలకు ఇంట్లోకి ప్రవేశం లేదు. మా వాడికి ఐదు. చివరికి నాన్న, నేను లోపలికి. మావారు, అమ్మ, పిల్లవాడు బయట తోట వరకు తిరిగే పాసుతో. ఇరుకైన మెట్లు ఎక్కే బాధ తప్పిందని అమ్మ సంతోషించింది.

వెళ్లేవారికి ఒక మాట: టికెట్టును కాగితం మీద ముద్రించుకుని తీసుకెళ్లండి. టర్న్‌పైక్ (టోల్ రహదారి) మీద డొనెగల్ దగ్గర దిగి 381 నంబరు రోడ్డు పట్టాక ఫోనులో సిగ్నల్ రావడం, పోవడం, చివరికి పోవడమే. పార్కింగ్ నుంచి నడక కొంచెమే గానీ కొండవాలు.

ముందు చప్పుడు వినిపించింది. చెట్ల మధ్య లేత గోధుమరంగు స్లాబులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా గాలిలోకి చొచ్చుకొచ్చి ఉన్నాయి. పిట్స్‌బర్గ్‌లో పెద్ద దుకాణం నడిపిన ఎడ్గర్ కాఫ్‌మన్ తన వారాంతపు విడిది కోసం కట్టించుకున్నాడు దీన్ని. జలపాతం ఎదురుగా కనబడేలా ఇల్లు కావాలన్నది ఆయన కోరిక. రైట్ ఇంటిని తీసుకెళ్లి జలపాతం నెత్తిన పెట్టాడు. 1935లో ఒక రోజు కాఫ్‌మన్ మిల్వాకీ నుంచి రైట్ దగ్గరికి కారులో బయల్దేరానని ఫోను చేశాక, ఆయన చేరేలోపు రెండు మూడు గంటల్లో నక్షాలు గీసేశాడని శిష్యులు చెప్పుకునే కథ. అప్పటికి రైట్ వయసు 68.

లోపలికి వెళ్లే ద్వారం ఎక్కడో రాళ్ల మధ్య దాక్కుని ఉంది. ఇరుగ్గా, చీకటిగా, తల వంచాలనిపించేలా. రెండడుగులు వేయగానే హాలు ఒక్కసారిగా విచ్చుకుంది. పైకప్పు తక్కువ ఎత్తే. అందుకని చూపు పైకి పోదు, కిటికీల్లోంచి చెట్లలోకి పోతుంది. నేల మీద అక్కడే తవ్వి తీసిన రాతి పలకలు. మన కడప బండల్లా నున్నగా ఉండవు, ఎగుడుదిగుడుగా ఉంటాయి. వాటికి మైనం పూసి మెరిపించారు. పొయ్యి ముందు మాత్రం కొండరాయి నేలను చీల్చుకుని పైకి లేచి ఉంది, దానికి మైనం లేదు. చుట్టూ తడిసినట్టు మెరిసే నేల, మధ్యలో పొడి రాయి. వాగులోంచి తేలిన బండ హాలులోకి వచ్చినట్టు. అక్కడ కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నాన్నకు మాత్రం ఆ రాయి పట్టలేదు. కిటికీ మూలకు వెళ్లి, చట్రం లేకుండా అద్దం నేరుగా రాతిగోడ గాడిలోకి దూరిన చోట వేలితో తడమబోయారు. ముట్టుకోవద్దని గైడు మర్యాదగా చెప్పింది. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, "వాన కురిస్తే ఎలా అని అడుగమ్మా" అన్నారు. అడిగాను. కాఫ్‌మన్ దీన్ని ఏడు బకెట్ల ఇల్లు అని వేళాకోళం చేసేవాడట. నాన్న మొహం విప్పారింది.

ఆ తర్వాత వరండా మీదకు వచ్చాం. ఇక్కడే మా పర్యటన అసలు మొదలైందనాలి. ఆధారం లేకుండా వాగు మీదకు పదిహేను అడుగులు చాచిన స్లాబు అది. కట్టేటప్పుడే కాఫ్‌మన్ తరఫు ఇంజనీర్లకు భయం వేసి, రైట్‌కు చెప్పకుండా లోపల ఇనుము రెట్టింపు చేశారట. తెలిసి రైట్ మండిపడ్డాడు. సెంట్రింగ్ విప్పగానే స్లాబు అంగుళం ముప్పావు దిగింది. అక్కడితో ఆగలేదు, దశాబ్దాల తరబడి వంగుతూ అంచు ఏడంగుళాల దాకా కిందికి వచ్చింది. చివరకు 2002లో నేల రాళ్లు ఎత్తి, దూలాల పక్కన ఉక్కు తీగలు బిగించి లాగి, వంగడాన్ని ఆపారు.

"ఇనుము దొంగతనంగా తగ్గించినవాళ్లను చూశానుగానీ, దొంగతనంగా పెంచినవాళ్లను ఇప్పుడే వింటున్నాను" అన్నారు నాన్న. ఆయనకు సర్వీసులో సగం కాలం మొదటి రకంతోనే సరిపోయింది. పై అంతస్తుల్లో బొమ్మలు, కాఫ్‌మన్ గదిలో కిటికీ తెరుచుకోవడానికి వీలుగా పావు వృత్తం కోసిన బల్ల, హాలులోంచి వాగులోకి దిగే మెట్లు, ఇవన్నీ నేను చూశాను. ఆయన వెంట ఉన్నారు, అంతే. ఒక విచిత్రం మాత్రం ఇద్దరం గమనించాం: ఇంట్లో ఏ గదిలో నిలబడ్డా జలపాతం వినిపిస్తుంది, కనిపించదు. కాఫ్‌మన్ ఎలా ఒప్పుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేనైతే ఒప్పుకునేదాన్ని కాదు. 1963లో ఆయన కొడుకు ఈ ఇంటిని ఒక పరిరక్షణ సంస్థకు అప్పగించాడు. మేం వెళ్లిన ఏడాదే యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

బయటికొచ్చాక వాగు దిగువన, పుస్తకాల్లో కనిపించే దృశ్యం దొరికే చోట మావాళ్లు ఎదురుచూస్తున్నారు. లోపల ఫొటోలు తీయనివ్వలేదు గనక అందరూ ఆ కసి ఇక్కడ తీర్చుకుంటున్నారు. "తాతయ్యా, నీళ్లు వాళ్లింట్లోంచే వస్తున్నాయా?" అని పిల్లవాడు అడిగాడు. నాన్న వినిపించుకోలేదు. జేబులోంచి టికెట్టు కాగితం తీసి, నీటుగా మడిచి, ఆ మడతను చేయి చాచి వరండా పిట్టగోడ అంచుకు సమంగా పట్టి, ఒక కన్ను మూసి చూస్తున్నారు.

"వంగే ఉంది" అన్నారు, సంతోషంగా.