లెన్స్ మార్చితే సరిపోదా మేడమ్?

ఈ వారం బోటనీ క్లాసులో మైక్రోస్కోపుల పాఠం జరిగింది. పదో తరగతి దాకా మాకు చెప్పింది ఒక్కటే, అది చిన్నవాటిని పెద్దగా చూపిస్తుందని. మరి ఇంకా పెద్దగా చూపే లెన్స్ పెట్టేస్తే సరిపోదా, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఎందుకు అని మా బెంచి అమ్మాయి అడిగింది. చాలా మంచి ప్రశ్న. పాఠం మొత్తం దాని చుట్టూనే తిరిగింది.

ముందు ల్యాబ్‌లో మామూలు మైక్రోస్కోపు. ఉల్లిపాయ లోపలి పొరని స్లైడ్ మీద పరిచి, సాఫ్రనిన్ అనే ఎర్రరంగు చుక్క వేసి, కవర్ స్లిప్‌ని ఒక పక్క నుంచి మెల్లగా వాల్చాలి, లేకపోతే గాలి బుడగలు నల్లటి అంచుల గుండ్రాలుగా కనిపించి అవే కణాలేమో అనిపిస్తాయి. ముందు స్లైడ్ వైపుండే 10 రెట్ల లెన్స్, అంటే ఆబ్జెక్టివ్‌తో వెతుక్కుని తర్వాతే 40కి తిప్పాలి, అక్కడ పెద్ద స్క్రూ జోలికి పోకూడదు, చిన్న స్క్రూ మాత్రమే. కంటి దగ్గరుండే లెన్స్, అంటే ఐపీస్, 10 రెట్లు, రెండూ గుణిస్తే మొత్తం 400. ఇటుకల గోడలా కణాలు, ఒక్కోదానిలో గులాబీరంగు కేంద్రకం! బొమ్మ గీసి మార్కులు తెచ్చుకోవడం వేరు, ఇది కళ్లతో చూడటం వేరు. ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఇది ఆరో తరగతిలోనే చూపించాలని నా గట్టి అభిప్రాయం.

ఇక ఆ ప్రశ్న. పెద్దగా చూపడం ఒకటి, పక్కపక్కనున్న రెండు చుక్కల్ని రెండుగా చూపడం ఇంకొకటి. చీపురుకట్టతో ముగ్గు చుక్కలు పెడితే అన్నీ కలిసిపోతాయి, ఎంత దగ్గరికెళ్లి చూసినా విడిపోవు. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు). దాంతో చూసినంతకాలం దాదాపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్నవి ఒకటిగానే కనిపిస్తాయి. జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబ్బే ఈ లెక్క 1873లోనే తేల్చాడు. 100 రెట్ల ఆబ్జెక్టివ్‌కి, స్లైడ్‌కి మధ్య నూనె చుక్క వేసేది కూడా అందుకే, గాలిలోకి వంగిపోయే కాంతిని నూనె లెన్స్‌లోకి పోనిస్తుంది. కానీ అది కూడా ఆ హద్దు వరకే. ఆ తర్వాత ఎంత పెంచినా మసకే పెద్దదవుతుంది.

అంటే మార్చాల్సింది లెన్స్ కాదు, కాంతినే! ఇక్కడ నిజంగా ఒళ్లు పులకరించింది. కదిలే ఎలక్ట్రాన్‌కి కూడా తరంగదైర్ఘ్యం ఉంటుందని ఫ్రెంచ్ శాస్త్రవేత్త డీ బ్రోయ్ 1924లో చెప్పాడు, లక్ష వోల్టులతో పరిగెత్తిస్తే అది సుమారు 0.004 నానోమీటర్లే. ఎలక్ట్రాన్లు గాజు లెన్స్‌లోంచి పోవు కాబట్టి తీగచుట్టల అయస్కాంత క్షేత్రంతో వాటిని వంచుతారు, గాలి అణువులకి తగిలి చెదిరిపోకుండా గొట్టమంతా శూన్యం చేస్తారు. బెర్లిన్‌లో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ 1931లో మొదటిది తయారుచేశారు. రుస్కాకి నోబెల్ వచ్చింది 1986లో, ఇంత ఆలస్యమా అని నాకు బాధేసింది, నోల్ అప్పటికే చనిపోయారు కూడా.

ఇందులో రెండు రకాలు. టీఈఎం (ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) అయితే 100 నానోమీటర్ల కంటే పల్చగా కోసిన ముక్కలోంచి ఎలక్ట్రాన్లు దూసుకెళ్తాయి, లోపలి నిర్మాణం కనిపిస్తుంది. ఎస్ఈఎం (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) అయితే పైభాగమంతా ఎలక్ట్రాన్ కిరణంతో గీతలు గీతలుగా తడుముతూ వెళ్తుంది, చీమ తల బొమ్మలు అలా తీసినవే, అంతకుముందు దానికి పల్చటి బంగారు పూత వేస్తారు. బతికున్న కణాన్ని మాత్రం ఈ శూన్యంలో పెట్టి చూడలేం, అందుకే మామూలు మైక్రోస్కోపు పని ఇంకా అయిపోలేదు. రంగులు కూడా ఉండవు. కోవిడ్ రోజుల్లో టీవీలో తిరిగిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోల్లో వైరస్‌కి ఎరుపూ పసుపూ కంప్యూటర్‌లో వేసినవే.

కానీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లేకపోతే కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు మనకి కనిపించేవే కావు. అవి 20, 30 నానోమీటర్లే. 1950లలో జార్జ్ పలాడే అనే శాస్త్రవేత్త చూసి చెప్పేదాకా పుస్తకాల్లో వాటికి చోటే లేదు.

మరి అంత పల్చగా ముక్క కోసేది దేనితో? గాజు కత్తితో, లేదంటే వజ్రపు కత్తితోనట. దాని గురించి వచ్చే క్లాసులో చెప్తానన్నారు మేడమ్, అప్పుడు మళ్లీ రాస్తా.